కుక్కర్ల కంపెనీ కబురక్క

ఉద్యోగం వచ్చిందా? ఏదీ, ఇంకోసారి చెప్పు. పబ్లిక్ రిలేషన్సా! ఓసినీ, ఆ మాట గుమ్మంలోనే చెప్పొద్దూ! కూర్చో, ఆ ఫోను పక్కన పడేసి కూర్చో. మీ నాన్నేమన్నాడు? "నలుగురితో నవ్వుతూ మాట్లాడ్డానికి కూడా జీతమిస్తారా" అన్నాడా? అంటాడు వాడు, వాడికి ఊరికే నవ్వడం కూడా చేతకాదు. నీకు మా కబురక్క గురించి ఎప్పుడూ చెప్పలేదు కదూ? నేను కుక్కర్ల కంపెనీలో ఫోటోలు తీసేవాణ్ణి చూడు, అక్కడ పి.ఆర్. ఆఫీసరు ఆవిడ. పోయి చాలా ఏళ్ళయిందిలే. అసలు పేరుతో ఎవరూ పిలవలేదు. మంచైనా చెడైనా కంపెనీ కబురు అందరికంటే ముందు ఆవిడ దగ్గర్నుంచే వస్తుందని పేపరువాళ్ళు పెట్టిన పేరది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ అక్కే.

నవ్వడం కాదే తల్లీ ఆ ఉద్యోగం. పొద్దున్నే వచ్చి పేపర్లన్నీ ముందేసుకుని, మన గురించి ఎవడేం రాశాడో కత్తిరించి అతికించేది. పొగిడినవి కింద, తిట్టినవి పైన. "పైవి ముందు చదవండి సార్" అని మా పెద్దాయన బల్ల మీద పెట్టేది, కంపెనీ ఓనరాయన. ఆయన మొహం చూడాలి, ఆముదం తాగినట్టు! ఏ విలేకరి ఎన్నింటికి వార్త పంపాలో, ఎవరింట్లో పిల్లకి జ్వరమో అన్నీ తెలుసు ఆవిడకి. ఫోను మోగితే ఎత్తాల్సిందే. "తెలీకపోతే తెలీదను, కనుక్కుని చెప్తానను, చెప్పు. లేనని మాత్రం అనకు" అని నాకూ నేర్పింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారే, ఆ సామెత చెప్పి అక్కని ఆటపట్టించేవాణ్ణి. "జిగురు ఎప్పటికైనా ఊడుతుందిరా" అనేది. నన్ను ఒరేయ్ అనేది మరి, నాకంటే ఏడాదే పెద్ద. సరే, ఎక్కడున్నాను? ఆఁ, కుక్కరు.

కొత్త మోడల్ ఒకటి తెచ్చాం. ఎర్ర పిడి, చూడముచ్చటగా ఉండేది. ఆ మూత పట్టు సరిగ్గా కూర్చునేది కాదు, లోపల ఆవిరుండగానే ఊడొచ్చేది. ఒకావిడ, బట్టలు కుట్టుకుని బతికేది పాపం, కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. తర్వాత ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో. పేపరువాళ్ళు ఫోన్లు మొదలెట్టారు. పెద్దాయన గది తలుపేసుకుని సొంతంగా ప్రెస్ నోటు రాసుకొచ్చాడు. వాడేవాళ్ళు మూత సరిగ్గా బిగించలేదు, తప్పు కంపెనీది కాదు. ఇదీ సారాంశం. అక్క చదివి బల్ల మీద పెట్టేసింది. "నేను పంపను సార్. ఇన్నాళ్ళూ నా మాట పేపరువాళ్ళు మళ్ళీ సరిచూసుకోకుండా రాసుకున్నారు. ఇదొక్కటి పంపితే రేపట్నుంచి నేను నమస్కారం అన్నా నమ్మరు." ఆయనకి ఒళ్ళు మండింది. "అయితే రేపు విలేకర్ల సమావేశంలో నేనే చెప్తా. అదయ్యాక నువ్వు నీ బల్ల ఖాళీ చేసుకో!" అంది గదంతా వినపడేట్టు. అన్నాడు, అన్నాడు. నోరు తిరగట్లేదే ఈ మధ్య. అక్క ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే, తెలుసా? అయినా "అలాగే సార్. రిహార్సల్ మాత్రం చేసి వెళ్తాను, అది నా పని" అంది.

రిహార్సలంటే, సమావేశానికి ముందు మమ్మల్నందర్నీ విలేకర్లలా కుర్చీల్లో కూర్చోబెట్టి, పెద్దాయన్ని అడ్డమైన ప్రశ్నలూ అడిగించేది. మేం అడుగుతామా? నేను లేచి "సార్, మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నా. నవ్వకు! నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. ఇలా కాదని అక్కకి ముందే తెలుసు. ఆయనంటే భయంలేని మనిషి ఈ లోకంలో ఒక్కరే, వాళ్ళమ్మగారు. ఆవిణ్ణి పిలిపించి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్దాయన గొంతు సవరించుకుని "వాడేవాళ్ళ అజాగ్రత్త వల్ల..." అని ఎత్తుకున్నాడు. ఆ పెద్దావిడ నెమ్మదిగా అడిగింది చూడు, "అలాగా నాన్నా. మరి మొన్న మన వంటింట్లోంచి ఆ ఎర్ర పిడి కుక్కరు ఎందుకు తీయించేశావు? పాలిష్ పెట్టించి తెస్తానన్నావు, తేనేలేదు." అక్క కూడా బిత్తరపోయింది, ఈ సంగతి తనకీ తెలీదు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు "అది వేరమ్మా, అది వేరు" అంటాడు. "ఏం వేరురా? నీకు నా చేతుల మీదున్న బెంగ, ఆ కుట్టుపనావిడ కొడుక్కి వాళ్ళమ్మ చేతుల మీద ఉండదా?" అంది. ఆయన అక్క వైపు తిరిగి "ఏం చెప్పమంటావమ్మా?" అన్నాడు. "మీ ఇంట్లో ఏం చేశారో అదే చెప్పండి సార్. అందరిళ్ళకీ అదే చేస్తామనండి."

చెప్పాడే! మర్నాడు విలేకర్ల ముందు నిలబడి చెప్పాడు. "మా అమ్మ వంటింట్లోంచి తీసేశాను, మీ ఇళ్ళలో వదిలేశాను. రేపట్నుంచి ఎవరు తెచ్చినా తీసుకుని కొత్తది ఇస్తాం" అన్నాడు. ఓ ముసలి విలేకరి "అయితే తప్పు మీదేనంటారా?" అని గుచ్చాడు. "మాదే" అన్నాడు. విరుచుకుపడదామని వచ్చినవాళ్ళు బుద్ధిగా రాసుకున్నారు, నేను కెమెరాలోంచి చూశాగా. తెల్లారేసరికి గేటు దగ్గర కుక్కర్లు పట్టుకుని జాతర! కొందరు దులిపేశారు, అక్క అక్కడే నిలబడి అన్నీ వింది. నేను మధ్యలో పోబోతే "తిట్టనీరా, తిట్టడానికి మన దగ్గరికే వచ్చారు, ఇంకా మనవాళ్ళే" అంది. రాసి పెట్టుకో ఆ మాట. ఆ ఏడాది మా కుక్కర్లు అమ్ముడుపోయినట్టు మరెప్పుడూ పోలేదు. పెద్దాయన ఊరంతా "ఆలోచన నాదే" అని చెప్పుకు తిరిగాడు. అక్క పక్కనే నిలబడి "అవును సార్" అనేది. బల్ల ఖాళీ చెయ్యమన్న సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వరసలోనే కుట్టుపనావిడా వచ్చింది. కొత్త కుక్కరు పెద్దాయన అందిస్తుంటే ఫోటో తియ్యాలి నేను. అక్క అలవాటుగా పక్కకి జరిగింది, కంపెనీ ఫోటోల్లో ఎప్పుడూ ఉండేది కాదులే. కుట్టుపనావిడ కుక్కరు తీసుకోలేదు. "నా తప్పని రాయనివ్వని మనిషి ఎవరు?" అంది. ఎవరు చెప్పారో మరి, నేనైతే కాదు. మా అందరి కళ్ళూ అక్క వైపే తిరిగాయి, ఆవిడకి తెలిసిపోయింది. నేరుగా వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుంది, ఆ కాలిన చేత్తోనే. పట్టుకుని కెమెరా ముందుకి లాక్కొచ్చి, "ఇప్పుడు తియ్యి బాబూ" అంది.

తీశాను.

అదిగో, ఆ కిటికీ పక్కన గోడకి... దగ్గరికెళ్ళి చూడు. వెళ్ళు, నేనిక్కడే ఉంటాను.