ముందు గది

హలో… ఆఁ, నేనేనమ్మా, ట్రంకాల్ అడిగింది నేనే. మున్సిపల్ ఆఫీసు నుంచి, వెంకటప్పయ్యను… బోనకల్ కలిసిందా? ఇవ్వమ్మా, జల్దీ ఇవ్వు…

హలో… హలో, సీతారావమ్మ గారేనా?… అక్కయ్యా, నేను… అవ్, కాలేజీ మాస్టర్నే. మీ పాత కిరాయిదారుణ్ణి… బాగున్నరా?… నేనా? నాకేంది, వండుకుంటున్న, తింటున్న… లేదు, కౌన్సిలర్‌నైనంక కూడా నేనే వండుకుంటున్న. వంటకు మున్సిపాలిటీ మనిషిని ఇయ్యదు గదా…

వానా? ఇక్కడ మొన్నటి నుంచి ఒకటే ముసురు…

అవ్, కౌన్సిల్ మీటింగ్ ఇప్పుడే అయింది… చెప్తా, రోడ్డు సంగతి కూడా చెప్తా. ముందు ఇంకోటి… ఎవరు, బొజ్జయ్యనా? మీకు ఫోన్ చేసిండా?… పొద్దున్నా! అప్పటికి మీటింగే మొదలు కాలే అక్కయ్యా. బొజ్జయ్య కౌన్సిల్ కంటే ముందే తీర్మానాలు చేస్తడు… రోడ్డు వంద అడుగులకు పెంచుతరని చెప్పిండా? మీ ముందు గది రోడ్డుల పోతదన్నడా?… కాదు, అట్ల కాదు, ఒక్క మాట నన్ను— … సరే. సరే, బొజ్జయ్య మాట తర్వాత చూద్దాం. ముందు ఇది వినండి.

హాతీరాం పోయిండు.

… మీ ముందు పోర్షన్ హాతీరాం. బస్సు కండక్టరు… అవ్, కమ్లి మొగుడే… మలేరియా. తలకెక్కింది. దవాఖానాల చేర్చినం గానీ, ఇయ్యాల తెల్లారి… చిన్న వయసే. ముసలోళ్ళు సీట్ల కూసునేదాకా బెల్లు కొట్టేటోడు కాదు. డ్రైవర్లు తిట్టినా కొట్టేటోడు కాదు…

కిరాయి గురించి కాదక్కయ్యా. కిరాయి మొన్ననే ఇచ్చిండు… వినండి. వ్యాన్ మీ గేటు ముందర నిలబడ్డది… అవ్, హాతీరాం అందులోనే ఉన్నడు. పక్కన కమ్లి. గేటుకు తాళం… వేసింది రామారావే. మీ మరిది కొడుకును నేనేమీ అనను, మీరు చెప్పిన మాటే పట్టుకొని ఉన్నడు. పెద్దమ్మ సరే అంటే తీస్తనన్నడు… అవ్, అందుకే ఫోన్ చేసిన.

… తండాకా? తీసుకపోదామనే ఉన్నది. టేకులపల్లి అవతల వాగు పొంగింది. బస్సులే పోతలేవు… తగ్గుతది, రేపటికి తగ్గుతది. అప్పటిదాకా మనిషిని ఎక్కడో ఒక దగ్గర పండబెట్టాలె గదా…

దవాఖానాల సంతకం పెట్టించుకొని ఇచ్చేసిన్రు… డిపోలనా? డిపోల దండ వేసిన్రు, టోపీలు తీసి నిలబడ్డరు. అక్కడ రాత్రంతా ఎట్ల ఉంచుతరు… ఆయన తోటి కండక్టరు ఒకాయన ఉన్నడు, లాల్‌సింగని. తడిసిన బట్టలతోటే మీటింగ్ దాకా వచ్చిండు నన్ను పిలవడానికి. అటెండరు ఆపితే, నేను లేచి పోయిన.

… నక్షత్రమా? ఆయన మీ ఇంట్ల పోలేదు అక్కయ్యా. దవాఖానాల పోయిండు. ఇల్లు మూసేసుడు గిట్ల ఏమీ ఉండదు…

వెనక పోర్షనోళ్ళు ఖాళీ చేస్తరనా?… వాళ్ళామె గేటు సందుల నుంచి కమ్లికి చాయ్ అందిస్తున్నది. నేను కళ్ళారా చూసి వచ్చిన. కమ్లి తాగలే, గ్లాసు పట్టుకొని ఉన్నది. ఆమె కూడా గ్లాసు కోసం తొందర చెయ్యకుండా వానల్నే నిలబడ్డది… అయినా ఖాళీ చేసి ఎక్కడికి పోతరు? ఊళ్ళె గదులేవి? సగం పొద్దు కౌన్సిల్ల అదే గొడవ. సారపాక కాగితం మిల్లు పనికి వచ్చినోళ్ళు అక్కడ జాగ దొరక్క ఇక్కడిదాకా వచ్చి గదులు అడుగుతున్నరట. ఒక్క గదిల నలుగురు. పగటి షిఫ్టోడు లేస్తే రాత్రి షిఫ్టోడు అదే చాప మీద పండుకుంటున్నడు. మున్సిపాలిటీయే కిరాయికి క్వార్టర్లు కట్టాలని తీర్మానం… అవ్, అయింది. కట్టేది ఎప్పుడో దేవుడికి తెల్వాలె.

… తెలుసు. ఇల్లిచ్చే రోజే హాతీరాంకు చెప్పి ఉంటరు. నాకూ చెప్పిన్రు గదా. మీ వసారాల నిలబెట్టి చెప్పిన్రు… బతికినన్నాళ్ళు మీ ఇల్లే అనుకోండి, పోతే మాత్రం గేటు బయటే అని. అందరు ఓనర్లూ చెప్తరు. మేమూ సరే అంటం. సంచులు దించుకునే రోజున చావు సంగతి ఎవరు పట్టించుకుంటరు?…

ఏమన్నరు?… తండావాళ్ళకు ఇల్లియ్యడమే ఎక్కువా?…

అక్కయ్యా, నేను తండా వాణ్ణి కాదు గదా. నా ఇంటామె ఆదెమ్మకు కూడా ఆ గేటు తెరవలేదు.

…

హలో… ఉన్నరా?… 

అయ్యో, ఏడ్వకండి. ఎత్తి పొడవడానికి అనలే… తెలుసు. మీ అత్తగారు బతికున్నరప్పుడు. తాళంచెవులు ఆమె కొంగుకే ఉండేటివి… నాకు యాదున్నది అదొక్కటే కాదు అక్కయ్యా. మే నెల ఎండ. రోడ్డు వార మంచమేసి ఆదెమ్మను పండబెట్టినం. మా వాళ్ళు మధిర నుంచి రావాలె. మొహాన ఎండ పడుతున్నదని మీరు గొడుగు తెచ్చిన్రు. గేటు తియ్యలేదు, గొడుగూ దించలేదు. చెయ్యి మార్చుకుంట, మార్చుకుంట పట్టిన్రు… పోయిన వెదురు లారీలన్నీ దుమ్ము పోస్తుంటే కొంగు అడ్డం పెట్టిన్రు… నేను చూసిన. అందరూ నేను ఏమీ చూస్తలేనని అనుకున్నరు గానీ… మీ మీద కోపం పెట్టుకుందామని చానా రోజులు చూసిన. ఆ గొడుగు అడ్డమొచ్చేది.

… ఆఁ, ఎవరు?… మూడు నిమిషాలు అయిందా? పొడిగించమ్మా. బిల్లు నా పేరు మీద రాయి, ఆఫీసుది కాదు… 

హలో అక్కయ్యా… ఆపరేటరు. చెప్పండి… అవ్, మొన్న కౌన్సిల్ల పెట్టిన ఆ ముచ్చట మీదాకా వచ్చిందా? ఇయ్యాల మళ్ళ పెట్టిన. క్వార్టర్లు కట్టినప్పుడు ఒక్క గది విడిగా కట్టండి, కిరాయి ఇండ్లల్ల ఎవరన్నా పోతే ఒక పూట పండబెట్టుకోవడానికని… ఒకాయన లేచి, “మాస్టారూ, ముందు బతికున్నోళ్ళకు కట్టనియ్యండి” అన్నడు. అందరూ నవ్విన్రు. నాకూ నవ్వొచ్చింది… వాయిదా వేసిన్రు. అంతల్నే తలుపు దగ్గర లాల్‌సింగ్… అందుకని అడుగుతున్న. మున్సిపాలిటీ గది ఎన్ని వానాకాలాలకు వస్తదో. ఇయ్యాల నాకు కనపడేది మీ గేటొక్కటే.

…

ఏంది?… ముందు గదిలనా?… మీరు… అవ్, వినపడ్డది. ఎట్లాగూ రోడ్డుల పోయే గదే… కూలగొట్టే గదికి మైలేంది, అంటరు… నడిమింటి తలుపు గొళ్ళెం పెట్టి, ఆ గది మటుకు… 

… లేదు, లైన్ కట్ కాలే. ఉన్నా… వింటున్న. రామారావుకు చెప్పమంటరా?… 

ఒక్క నిమిషం అక్కయ్యా.

ఆ గది పోదు.

… రోడ్డుల పోదు. ఇందాక చెప్పబోతే మీరు చెప్పనియ్యలే… బొజ్జయ్య చెప్పింది తప్పు. వంద అడుగుల మాట వీగిపోయింది. ఎనభైకే తీర్మానం. నేనూ ఎనభైకే చెయ్యెత్తిన. ఇంజనీరు మ్యాపు మీద గీత గీసి చూపెట్టిండు. మీ ప్రహరీ పోతది, మెట్లు పోతయి. వసారా, ముందు గది ఉంటయి… అవ్, గదికేం కాదు. మళ్ళ కిరాయికి ఇచ్చుకుంటరు…

అవ్, చెప్పకపోయుంటే ఇయ్యాల గడిచేది. తెలుసు… అసలు ఈ ఫోన్ కూడా అక్కర్లేకుండె. “మీరు చెప్తే చాలు మాస్టారూ” అన్నడు రామారావు. పెద్దమ్మ ఒప్పుకున్నదని ఒక్క మాట అంటే తాళం తీసేటోడే. గేటు దాకా పోయి కూడా వెనక్కి వచ్చిన… ఎందుకంటే ఏం చెప్పను. మీరు రేపు వచ్చి ఆ గదిల నిలబడ్డప్పుడు మోసపోయిన అనుకుంటరు. ఆ కోపం నా మీద ఉండదు, కమ్లి మీద పడతది… ఆమెకు ఇంకా ఏం కావాలె పడడానికి…

… …

హలో?… లేదు, తొందర లేదు. ఆలోచించండి… 

… …

ముందు గదిల వద్దా?

… సరే అక్కయ్యా. మీ ఇల్లు. మీ ఇష్టం… 

ఏంది? మళ్ళొకసారి చెప్పండి… జల్లు కొడతదా… అవ్, ఆ కిటికీకి రెక్క లేదు. లారీల చప్పుడు… అవ్… నడిమింట్లనా?

అక్కయ్యా, నడిమింట్ల పండబెట్టమంటరా?

… వింటున్న. తల దక్షిణం దిక్కు. అవ్. తలాపున దీపం… రామారావు ఇంట్ల నుంచి నూనె… రాత్రంతా ఆరకుండా… నేను కూసుంట. నాకు ఇంటికి పోయి చేసేదేమున్నది… వాళ్ళ పద్ధతి వేరే ఉంటే కమ్లిని, లాల్‌సింగ్‌ను అడిగి చేస్తం… అవ్, అట్లనే. మీరు వస్తరా?… పొద్దటి బండికా? ఈ వానల ఎందుకు— … రండి. రండి అక్కయ్యా. పక్కన ఒక పెద్ద మనిషి ఉంటే కమ్లికి… 

… నేనా? నేనుండేది స్టేషన్ రోడ్డుల. ఒక్క గది… అవ్, మా ఓనరు కూడా అదే చెప్పిండు, నేనూ సరే అని చేరిన… నేను పోతే ఎక్కడనా?… నేనిప్పుడే పోయేటట్టు లేను లెండి. మీకెందుకు ఆ దిగులు… 

… …

నాకూ ఆ నడిమిల్లేనా?… ఆ మాట మీరన్నరు. చాలు అక్కయ్యా. చాలు… ఏమంటున్నరు? సరిగ వినపడతలేదు… హలో… అక్కయ్యా… హలో…

… ఆఁ, నేనేనమ్మా. కట్ అయింది… వద్దు, మళ్ళ కలపొద్దు. అవతల పని కానియ్యాలె, మాట అయిపోయింది… ఇంకో నంబరా? లేదమ్మా. నేను ఫోన్ చేసేటంత దగ్గరోళ్ళు ఇంకెవరూ లేరు… ఎవరు పోయిన్రా? విన్నవా?… వింటే ఏమాయె, మంచిదే. మా వార్డు మనిషి… నా మనిషే అనుకో… నీకు పుణ్యముంటది తల్లీ, మాట అయ్యేదాకా లైన్ నిలిపినవ్.

ఉంటనమ్మా. వ్యాన్ల కమ్లి ఒక్కతే కూసున్నది. పోయి గేటు తీయించాలె.