చివరి మాట ఎవరు విన్నారు?

"శవాన్ని ఇవ్వరురా. నీ కథ అక్కడే తేలిపోతుంది."

"నెమ్మదిగా అక్కా. గేటు దగ్గర వాళ్ళు వింటారు."

"విననీ. సిలువ వేసినవాణ్ణి రోమన్లు దించేవాళ్ళు కాదు, కాకులకి వదిలేసేవాళ్ళు. దారినపోయేవాళ్ళు చూసి జడుసుకోవాలనే కదా అలా వేలాడదీసేది! అలాంటిది ఏసు శవాన్ని ఎవరో పెద్దమనిషి వెళ్ళి అడగ్గానే, సరే పట్టుకెళ్ళు అన్నాడట గవర్నరు. నమ్మమంటావా?"

"మడమలో మేకు దిగిన ఎముక ఒకటి సమాధిలో దొరికిందని నువ్వే చెప్పావు ఓసారి. అంటే ఎవరికో ఇచ్చారనేగా?"

"ఒక్కటి. వేలమందిని వేలాడదీస్తే ఒక్కటి."

"ఒక్కడికి ఇచ్చినా ఇచ్చినట్టే. మనకీ ఇస్తారు."

జైలు గేటు పక్కన సందర్శకుల గదిలో అక్కా తమ్ముడూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆమె కాలేజీలో చరిత్ర చెబుతుంది, అతను పాస్టరు. ఆ తెల్లవారుజామున లోపల వాళ్ళ చిన్న తమ్ముణ్ణి ఉరితీశారు. తల్లి బయట వ్యానులో ఉంది.

"సంతకం పెట్టాల్సిన డాక్టరు ఇంకా రాలేదా?"

"వస్తున్నాడట."

"అట! పొద్దుట్నించీ అట."

"కాసిన్ని నీళ్ళు తాగు."

"వద్దు. ఆయన కూడా ఇలాగే వెళ్ళాడని మొదలుపెట్టింది నువ్వే. మన చిన్నోడు ఏసు కాదురా."

"కాదని నాకూ తెలుసు."

"వీళ్ళు దోపిడీకి వెళ్ళినచోట ఆ వాచ్‌మన్ చచ్చిపోయాడు. వాడి మనుషులు కూడా ఇలాగే మార్చురీ ముందు ఏదో బల్ల మీద కూర్చునే ఉంటారు."

"చిన్నోడు కొట్టలేదు."

"కొట్టలేదు. గేటు దగ్గర కాపలా నిలబడ్డాడు. అరుపు విని కూడా నిలబడ్డాడు."

"కొట్టినవాడేమో అప్రూవరుగా మారి, చిన్నోడి మీద సాక్ష్యం చెప్పి ఇంటికి పోయాడు. నువ్వేమో ఏసు బదులు బరబ్బని వదిలెయ్యడం కట్టుకథంటావు."

"అంటాను. పండక్కి ఓ ఖైదీని వదిలే ఆనవాయితీ ఉన్నట్టు ఆ నాలుగు సువార్తల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ప్రభుత్వం మీద తిరగబడ్డవాణ్ణి జనం అరిచారని వదిలేస్తాడా ఆ గవర్నరు పిలాతు? వాడి ఉద్యోగం ఉంటుందా?"

"ఆనవాయితీ లేకపోవచ్చు. వదిలెయ్యడం మాత్రం ఉంటుంది. మనం కళ్ళారా చూశాం."

"అది వేరు."

"ఏం వేరు? చెప్పు, ఏం వేరు?"

"పిలాతు సంగతి ఆ రోజుల్లోనే వేరేవాళ్ళు రాశారు. మొండివాడు, విచారణ కూడా లేకుండా చంపించేవాడు అని. అలాంటివాడు నీళ్ళు తెప్పించుకుని, ఈ పాపం నాది కాదని చేతులు కడుక్కున్నాడట! రాసినవాళ్ళు రోము ఏలుబడిలో బతకాలి కదా. అందుకని తప్పంతా తీసి యూదుల నెత్తిన రుద్దారు. ఆ రాత వల్ల తర్వాత ఎంతమంది చచ్చారో తెలుసా నీకు?"

"తెలుసు. ఆ వాక్యం మీద ప్రసంగం చెయ్యడం మానేశాను నేను."

"మానేశావా? నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడు అడిగావు గనక? అయినా చేతులు కడుక్కోవడం నేను నమ్ముతానక్కా. మన జడ్జిగారు తీర్పు చదివి ఏం చేశారు? కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చిన్నోడు ఆయన్నే చూస్తున్నాడు. ఆయన అద్దాలు చూసుకుంటున్నాడు."

"సరే. మరి ఏసుకి రాత్రికి రాత్రి విచారణ ఏంటి? పండగ పెట్టుకుని పెద్దల సభంతా నిద్ర మానుకుని కూర్చుందా?"

"సభంతా కూర్చోకపోవచ్చు. ఓ పదిమంది కూర్చుని ఉంటారు. తర్వాత దాన్నే సభ అన్నారు."

"అదే నేననేది! ఆ పదిమందిలో బయటికొచ్చి చెప్పినవాడెవడు? శిష్యులు పారిపోయారు. వాళ్ళ పెద్ద పేతురు వాకిట్లో చలి కాచుకుంటున్నాడు. లోపల ఏం అడిగారో, ఈయన ఏం చెప్పాడో ఎవడు విన్నాడు?"

"పారిపోయామని వాళ్ళ మనుషులే రాసుకున్నారు కదా. కథ అల్లేవాడు తమ పెద్దనే పిరికివాడిగా రాస్తాడా? ఆ మనిషెవరో నాకు తెలీదని ఒట్టు పెట్టుకున్నాడని రాస్తాడా?"

"అది నిజమే కావచ్చు."

"చూశావా!"

"ఏం చూశావా? సిలువ వేశారన్నదీ నిజమే, నాతో చదువుకున్నవాళ్ళెవరూ కాదనరు. నేననేది మాటల గురించి. ఆ చివరి మాటే చూడు. ఇద్దరేమో నన్నెందుకు వదిలేశావని అరిచాడంటారు. ఇంకొకాయన, ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నానన్నాడంటాడు. నాలుగో ఆయన, తల్లిని ఇంట్లో పెట్టుకోమని శిష్యుడికి అప్పజెప్పి, అంతా అయిపోయింది అన్నాడంటాడు. ఏది?"

"అన్నీ అని ఉండొచ్చు."

"ఊపిరాడనివాడా?"

"అక్కా."

"సరే. సరే, అనను."

"నన్నెందుకు వదిలేశావని... ఆ మాట దేవుడి కొడుకు నోట్లో ఎవరు పెడతారక్కా? నమ్మేవాళ్ళెవరూ పెట్టరు."

"అది పాత కీర్తనలో మొదటి మాట. నీకు తెలీదా? ఏమన్నాడో వాళ్ళకి తెలీదురా. తెలీకపోవడం తట్టుకోలేకపోయారు. తమకొచ్చిన పాట తెచ్చి ఆ నోట్లో పెట్టారు. అంతే."

"అంతేనా?"

"అంతే. చిన్నోడేమన్నాడు?"

"చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పు."

"ప్రశాంతంగా వెళ్ళాడు. ఇద్దరం ప్రార్థన చేశాం. నవ్వాడు. అందరికీ చెప్పమన్నాడు."

"ఇందాక ఏడ్చాడన్నావు."

"ముందు ఏడ్చాడు. తర్వాత నవ్వాడు."

"అందరికీ అంటే ఎవరికి?"

"అందరికీ అంటే అందరికీ."

"వాడు అలా అనడు. పేరుపేరునా అడుగుతాడు. పక్కింటి కుక్కని కూడా వదలడు."

"వదిలెయ్ అక్కా."

"చేతులు ముందుకి కట్టారా, వెనక్కా?"

"ముందుకి. కాదు... గుర్తులేదు."

"పక్కనే నిలబడ్డవాడివి, గుర్తులేదా?"

"నువ్వు కోర్టులో ఉన్నాననుకుంటున్నావా?"

"నిన్ను లోపలికి రానిచ్చారా?"

"ఏం ప్రశ్న అది?"

"తమ్ముడూ, ఇటు చూడు. రానిచ్చారా?"

"లేదు."

"అయ్యో."

"సొంత అన్నవి, కుదరదన్నారు. అన్నగా కాదు, పాస్టరుగా వచ్చానన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. నడవాలోనే ఆపేశారు."

"మరి ఇవన్నీ?"

"నడవాలోకి వినపడింది."

"ఏం వినపడింది? నాకు చెప్పు. నాకొక్కదానికే చెప్పు."

"రానన్నాడు. రాను, రాను అని అరిచాడక్కా. చిన్నప్పుడు బడికి ఈడ్చుకెళ్తుంటే అరిచేవాడే, అలాగ. తర్వాత నోటికి గుడ్డ అడ్డం పడినట్టయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత విన్నా ఏమీ లేదు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ఎన్నో చావుల దగ్గర ప్రార్థన చేశాను. అక్కడ ఒక్క ముక్క నోటికి రాలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను."

"నవ్వాడని ఎందుకు చెప్పావురా నాకు?"

"నీకోసం కాదు. అమ్మకి చెప్పాలి కదా. ముందు నీ దగ్గర చెప్పి చూసుకున్నాను. నువ్వు ఇన్ని అడుగుతావనుకోలేదు."

"అమ్మ నాలాగ అడగదులే."

"నీకన్నా ఎక్కువ అడుగుతుంది. అదుగో, వ్యాను దిగింది. మావయ్య చెయ్యి పట్టుకుని ఇటే వస్తోంది."

"కళ్ళు తుడుచుకో. నువ్వు అనుకున్నదే చెప్పు. నేను మధ్యలో రాను."

"నావల్ల కాదు. ఇందాకటిదాకా చెప్పగలననుకున్నాను. నీకు నిజం చెప్పేశాక ఇంక నోరు పెగలట్లేదు."

"ఏమే పెద్దదానా, డాక్టరొచ్చాడా?"

"వస్తున్నాడమ్మా. ఇలా కూర్చో."

"కూర్చోను. వాణ్ణి చూసేదాకా కూర్చోను. ఒరే నడిపోడా, తలెత్తరా. నువ్వు పాస్టరువి, నిన్ను లోపలికి పంపే ఉంటారుగా? నా బిడ్డ చివర్లో ఏమన్నాడు?"

"అమ్మా..."

"అమ్మా ఏంటి, చెప్పు! ఏమీ అనలేదా? భయపడ్డాడా? అరిచాడా? నా దగ్గర దాచకు, ఎలాంటిదైనా వింటాను."

"వాణ్ణడక్కమ్మా. వాడు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు, వినలేదు. నన్నూ పంపారు లోపలికి. దగ్గరే నిలబడ్డాను, నేను విన్నాను. నా వైపు చూసి, 'అక్కా, ఇవాళ్టినుంచి అమ్మని నీ ఇంట్లో పెట్టుకో' అన్నాడు."