పిడికిలి తిమ్మారెడ్డి కట్టిన వంతెన

ఓబుళమ్మ కాలు పెట్టని ఇల్లు మా ఊర్లో లేదంట. మంత్రసాని గదా! ఈడ కూర్చున్న మీ అమ్మలు, నాయనలు, అందరూ ఆమె చేతుల్లో పడి ఏడ్చినోళ్ళే అనుకో. అప్పట్లో మన ఊరి వాగు, ఆ వంకలో ఇట్ల కంపచెట్లు మొలిచి ఉండేవి కాదు. వాన పడిందంటే ఎర్రనీళ్ళు హోరుమని పారేవి, ఆ చప్పుడు ఇండ్లలో పడుకున్నోళ్ళకు వినపడేది. ఇప్పటికీ తల్చుకుంటే నాకు హాయిగా ఉంటాది. కానీ వంక అవతల కొత్తపల్లెలో ఆడబిడ్డకు నొప్పులొచ్చినాయనుకో, ఇంక ఏడుపే. ఓబుళమ్మ ఈ గట్టున, ఆ బిడ్డ ఆ గట్టున.

అప్పుడు ప్రెసిడెంటు గంగిరెడ్డి. పేదోళ్ళ గంగిరెడ్డి అనేటోళ్ళు. ఎవురు కనపడినా భుజమ్మీద చెయ్యేసి, నాది పేదోళ్ళ పార్టీ, పంచాయతీ సొమ్మంతా మీదే అనేటోడు. ఆయనకు ఎదురు నిలబడేది తిమ్మారెడ్డి. నేను గెలిస్తే ఒక్క పైసా ఖర్చు పెట్టను, పన్ను తగ్గిస్తానని పిడికిలి బిగించి చూపించేటోడంట. అందుకే పిడికిలి తిమ్మారెడ్డి. మన ఓబుళమ్మ గంగిరెడ్డి మనిషి. ఓట్లొచ్చినప్పుడల్లా తిమ్మారెడ్డి పిసినారితనం మీద పాటలు కట్టి, ఆడోళ్ళందరి చేతా పాడించేది. అబ్బ, ఏం గొంతనుకున్నావు! వంతెన కట్టించు నాయనా అని ఆమె అడిగితే, "ఓబుళక్కా, నీ వంతెన నా గుండెల్లో ఉంది" అనేటోడు గంగిరెడ్డి. ఆడే ఉండిపాయె.

ఏమైందంటే, ఒక వానాకాలం కొత్తపల్లె లింగమ్మకు నొప్పులొచ్చినాయి. వంక నిండుగా పారతాంది. ఓబుళమ్మ గట్టున నిలబడి, అవతల నుంచి కేకలు వింటానే ఉంది. దిగబోతే మనుషులు పట్టుకొని లాగినారంట. నీళ్ళు తగ్గినాక పోతే బిడ్డ దక్కింది, తల్లి లేదు. గంగిరెడ్డి వచ్చి ఏడ్చినాడు. దొంగేడుపు కాదబ్బా, నిజంగానే ఏడ్చినాడు. కానీ పంచాయతీ పెట్టె తాళం మాత్రం తియ్యలే. ఖర్చు పెడితే సొమ్ము తిన్నాడని ఎవురన్నా వేలు చూపిస్తారని ఆయనకు భయం.

ఆ యేడు ఊరు కోపమొచ్చి తిమ్మారెడ్డిని గెలిపించింది. ఓబుళమ్మ సిగ్గు చంపుకొని ఆయన అరుగు దగ్గరికి పోయింది. "ఏమ్మే, నా మీద పాటలు కట్టిన నోరేనా ఇది? పైసా లేదు పో!" అన్నాడంట. "పాటలు కట్టింది నేను నాయనా. నన్ను తిట్టు. కొత్తపల్లె ఆడోళ్ళు నిన్నేమన్నారు?" అనె. తిమ్మారెడ్డి అరుగు దిగినాడు. ఆ లింగమ్మ కేకలు నీకు వినపడినాయా అని అడిగినాడు. వినపడినాయనింది. అంతే. నాలుగు దినాలకు వంక దగ్గర రాళ్ళు దిగినాయి. గంగిరెడ్డి ముట్టకుండా పెట్టిన సొమ్మంతా పాయె, పైన అప్పు కూడా చేసినాడు. పిడికిలాయనే అప్పు చేసినాడబ్బా! పైగా ఓబుళమ్మను పిల్చి, "ఎవురికీ చెప్పొద్దు, మా పార్టీలో నా పేరు పోతాది" అన్నాడంట. వంతెనను కొంగు కింద దాచమన్నట్టుంది గదా!

మళ్ళా ఓట్లొచ్చినాయి. రెండు పల్లెలోళ్ళూ వినాలని మీటింగు ఆ వంతెన మీదనే పెట్టినారు. గంగిరెడ్డి లేసి, ఈ పిసినారోడు పేదోళ్ళకు పైసా విదిలించినాడా అన్నాడు. తిమ్మారెడ్డి లేసి, మీ సొమ్ము పైసా ముట్టలేదని పిడికిలి చూపించినాడు. రెండు పక్కలా చప్పట్లే చప్పట్లు! అప్పుడు ఓబుళమ్మ లేసింది. "నాయనా గంగిరెడ్డీ, నాయనా తిమ్మారెడ్డీ, ఒక్కసారి కిందికి చూడండి. మీరిద్దరూ దేని మీద నిలబడినారు?" అనింది. చప్పట్లు ఆగిపోయినాయి. కింద నీళ్ళ చప్పుడొకటే వినపడిందంట.

ఓట్లలో ఎవురు గెలిచినారంటావా? గంగిరెడ్డే. మా ఊరోళ్ళు పేదోళ్ళ మనిషి అనే పేరుకే వేసినారు. తిమ్మారెడ్డి మనుషులేమో, మనోడు చెయ్యి విప్పినాడని అలిగి ఇంట్లో కూర్చున్నారు. ఓబుళమ్మ ఎవురికి వేసిందో చెప్పలే. కానీ ఆ పొద్దు నుంచి పాటలు కట్టలే, ఎంత బతిమాలినా సరే. నాకదే బాధ. ఎవురికి వేస్తే ఏముందిలే గానీ, అంత మంచి గొంతు ఊరికి లేకుండా పోయిందబ్బా.