పద్దెనిమిదో మెట్టు

కొలరాడోలోని మెసా వెర్డేలో, లోయ అంచున బండ్లు ఆపే చోట, పాత పికప్‌లో అద్దాలు దించుకుని కూర్చున్నారు ఓరిన్, వెల్డా. ఎదురుగా కొండ కడుపులో వందల ఏళ్ళనాటి రాతి ఇళ్ళు. వాటిని చూపించే గార్డు పిలవడానికి ఇంకా అరగంట ఉంది. వెల్డా మాత్రం ఆ ఇళ్ళ వంక చూడటం లేదు, ఒళ్ళో ఉన్న నీలం పుస్తకం వంకే చూస్తోంది.

“ఇది నాకు దొరకాలని పెట్టావా, దొరక్కూడదని పెట్టావా?”

“ఏది?”

“ఏదా? కళ్ళజోడు కోసం డాష్‌బోర్డు అర వెతికితే, టైరు కాగితాల కింద ఇది. మొదటి పేజీలోనే మావిస్ పేరు. మన పెళ్ళయిన మూడేళ్ళకి నీ మొదటి పెళ్ళాం దస్తూరీ చూసే భాగ్యం కలిగింది.”

“అది పార్కుల ముద్రల పుస్తకం, వెల్డా. అందరూ కొంటారు. వెళ్ళిన చోట బల్ల మీద ముద్ర ఉంటుంది, తేదీతో సహా. మనమే కొట్టుకోవడం.”

“అదేంటో నాకు తెలుసు. డెన్వర్ సంగతి చెప్పు ముందు.”

“డెన్వర్‌లో ఏమైంది?”

“శాసనసభ మెట్ల దగ్గర జనమంతా పదమూడో మెట్టు మీద ఫోటోలు దిగుతున్నారు. సముద్రం నుంచి సరిగ్గా మైలు ఎత్తని అక్కడే గుర్తు పెట్టారు. నన్ను మాత్రం ఇంకో అయిదు మెట్లు ఎక్కించి కూర్చోబెట్టావు. ‘అది కాదండీ, కిందది’ అని ఎవరో పాపం చెప్పినా విన్లేదు.”

“లెక్క తప్పాను.”

“తప్పలేదు. ఇదిగో, మావిస్ రాసింది. ‘పద్దెనిమిదో మెట్టు. సరిగ్గా మైలు. చాలాసేపు కూర్చున్నాం.’ అప్పట్లో గుర్తు అక్కడుండేదట. తర్వాత మళ్ళీ కొలిచి కిందికి దించారని గేటు దగ్గరాయన చెప్పాడు. గుర్తు దిగింది కానీ నువ్వు దిగలేదు.”

“నీళ్ళు తాగుతావా?”

“వద్దు. ప్యూబ్లోలో నాకు ఏం తినిపించావో గుర్తుందా?”

“బర్గర్.”

“పచ్చిమిరపకాయల పులుసులో ముంచిన బర్గర్. మిరియాలు ఘాటెక్కువైతేనే గ్లాసెత్తే మనిషివి, ముక్కు కారుతున్నా, చొక్కా తడిసిపోతున్నా చివరి ముక్కదాకా తిన్నావు. ‘బానే ఉంది’ అన్నావు కూడా. ఇక్కడ చూడు, ‘నాలుక మండిపోయింది, అయినా ఇంకోటి తెప్పించుకున్నాం.’ ఇసుక దిబ్బల దగ్గర పొద్దున్నే చలిలో నా బూట్లు విప్పించావు. ఇక్కడ, ‘బూట్లు చేత్తో పట్టుకుని ఎక్కాం.’ అయిదు రోజులుగా నేను నీతో తిరుగుతున్నాననుకున్నా, ఓరిన్. నువ్వు ఆవిడతో తిరుగుతున్నావు. నేను బండిలో సామాను.”

“అలా అనకు.”

“ఎలా అనమంటావు? నాకు కుళ్ళుగా ఉంది. దాచుకోను. బతికున్న ఆడదయితే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. చచ్చిపోయి ఆరేళ్ళయిన సవతిని ఏమని అడగను?”

“ఆవిణ్ణి అడగడానికి లేదు. అదే నా బాధ కూడా.”

“చూశావా, ఎంత బాధో. అసలు కడుపు మండింది దేనికో తెలుసా? తేదీలకి. తొంభై ఎనిమిది, అక్టోబరు మూడు. అయిదు. ఏడు. అక్టోబరులో, ఓరిన్.”

“చూశాను.”

“కోతల రోజులు. నలభై ఏళ్ళలో ఒక్క కోతా తప్పలేదని నెబ్రాస్కా అంతా చెప్పుకు తిరుగుతావు. మన పెళ్ళికి ఒక్క రెండు రోజులు లింకన్ వెళ్దామంటే, మొక్కజొన్న తడి ఆరింది, ఇప్పుడు కదిలేది లేదన్నావు. నేను సరేనని కోత మిషన్ దగ్గరికే టిఫిన్ మోసుకొచ్చాను, కొత్త పెళ్ళికూతుర్ని. ఆవిడ కోసమయితే మిషన్ ఆపేసి వారం రోజులు వచ్చేశావు.”

“ఆపలేదు.”

“ఏంటి ఆపలేదు?”

“ఏం లేదు. గార్డు బయటికొచ్చాడు చూడు. నిచ్చెనలు ఎక్కాలి, ఆ స్వెట్టరు తీసెయ్యి.”

“నిచ్చెన గురించీ రాసింది. చదవనా? ‘నిచ్చెన మీద నా చెయ్యి పట్టుకున్నాడు. పైకెక్కాక కూడా వదల్లేదు.’ పట్టుకున్నవాడి పేరు రాయలేదు. మొగుడే కదా, పేరెందుకు.”

“అది చదవకు.”

“నువ్వెన్నిసార్లు చదివావు?”

“చాలాసార్లు.”

“అయితే విను. నా టికెట్టు నువ్వే ఉంచుకో. కోర్టెజ్ దాకా ఎవరినైనా అడిగి వెళ్తాను, అక్కడ బస్సు దొరికితే ఇంటికి, లేకపోతే మా అక్క దగ్గరికి. ఆవిడ చెయ్యి పట్టుకున్న చోట నా చెయ్యి పట్టుకోవద్దు నువ్వు.”

“వెల్డా, తలుపు వెయ్యి. ఒక్క నిమిషం.”

“ఒక్కటి చెప్పు, వేస్తా. పుస్తకం పేజీల్లో పెట్టిన ఈ ఫోటో. మావిస్ మెట్టు మీద కూర్చుంది, జుట్టంతా గాలికి మొహం మీద పడింది, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. నేను నిన్ను చూసి ఎప్పుడైనా ఇలా నవ్వానా? ఇలా నవ్వించావా నన్ను?”

“లేదు.”

“మరి ఆవిణ్ణి ఏం చెప్పి నవ్వించావు?”

“నేనూ అదే వెతుకుతున్నాను. ఆ మెట్టు మీద కూర్చుంటే తెలుస్తుందేమో అనుకున్నా. ఆ పులుసు తింటే తెలుస్తుందేమో అనుకున్నా. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో నా వంక చూసి ఒక్కసారి అలా నవ్వలేదు.”

“నీ వంక చూసే కదా నవ్వుతోంది. ఫోటో తీసింది నువ్వేగా?”

“ఆ అక్టోబరులో కూడా నేను కోత తప్పలేదు, వెల్డా. ఒమాహాలో చెల్లెలికి ఆపరేషనని చెప్పి వెళ్ళింది మావిస్. మొన్న ఏప్రిల్లో పొలం అమ్మి ఇల్లు ఖాళీ చేస్తుంటే ఈ పుస్తకం దొరికింది. కొలరాడోలో నేను అడుగు పెట్టడం ఇదే మొదటిసారి.”