మా మావ రాట్నానికి ఇసక గాలి

"తాతా, ఈ ఇనప మంచం నిండా తుప్పే. పాత సామాన్లోడు వీధిలోకొచ్చాడు, ఇచ్చేనా?"

ఆగు గుంటా, ఆగు. ఆణ్ణి పోనీ. తుప్పట్టిందని ఇనుముని అమ్మీడవేటి? కూకో ఇలాగ. ఇప్పుడు నాను సెప్పీది ఇని తాత కోతలు కోత్తన్నాడని ఎవరైనా అనుకుంటే ముందే లెగిసి పోవచ్చు. ఈ పెందుర్తి కాలనీలో ఉన్న ఇంజనీర్లందర్నీ వరసగా నిలబెట్టు. ఒక్కడొచ్చి "అబద్ధం" అననీ, నా మీసం తీసేత్తాను. మీసం లేదంటావా? పెంచి మరీ తీసేత్తాను!

ఆ ఫోన్లో రికార్డు నొక్కావా? నొక్కు మరి.

ఇది స్టీల్ ప్లాంటు ఇంకా కడతన్న రోజుల మాట. అప్పుడు మేం వన్ టౌన్లో ఉండీవోళ్ళం. సముద్రం గాలి మనకి సెప్పకుండా తిన్నగా వంటింట్లోకొచ్చి కూకునీది. ఆ గాలికి తలుపు గొళ్ళెం తుప్పు, కిరసనాయిలు స్టవ్వు తుప్పు, సైకిలు తుప్పు. నా పనేటి, ఓడల మీద తుప్పు కొట్టడం. ఓడ పక్కన తాళ్ళకి పలక కట్టి దాని మీద కూకోబెట్టీవోరు, సేతికో సుత్తి. మిగతా కలాసీలు రోజంతా కొట్టిందాన్ని నాను టీ టయానికి కొట్టి పడీసీవోణ్ణి. నాను పలకెక్కగానే భయానికి తుప్పు దానంతటదే రాలిపోయీది. నవ్వకు. దూరంగా ఇంకో ఓడ ఉంటే దాని తుప్పు కూడా రాలీది.

ఇక్కడ మీ మామ్మ ఉండాల్సింది. "సాల్లే, నీళ్ళు తాగు" అనీది. నాను నీళ్ళు తాగి ఇంకొంచెం పెంచి సెప్పీవోణ్ణి. ఇప్పుడు ఎంత పెంచినా అడిగీవోళ్ళు లేరు. సరే, అది కాదు సెప్పీది.

మీ మామ్మ నూకాలు ఉంది కదా, ఆవిడ నాన్న, అంటే మా మావ, బీచిలో పిల్లలెక్కే రంగుల రాట్నం తిప్పీవోడు. కరెంటుది కాదే, సేత్తో తిప్పీది. పైకీ కిందకీ తిరిగీ నాలుగు డబ్బాలు, ఇనప సట్రం. రోజూ రాట్నం నిలబెట్టగానే మొదటి సుట్టు ఎవరికో తెల్సా? సొంత కూతురికి. నూకాల్ని డబ్బాలో ఎక్కించి ఒక సుట్టు తిప్పి, జనంవేపు తిరిగి "నా పిల్ల కూకుంది, ఇక మీ పిల్లల్ని పంపండి" అనీవోడు. ఆ పని సేసీవోళ్ళందరికీ అదే కట్టుబాటు. తన పిల్లని ఎక్కించనోడి రాట్నం ఎవరూ ఎక్కీవోరు కాదు.

మావ పోయాక ఆ రాట్నం మా పెరట్లో పడుంది. ఎన్నో వానలు తింది, ఉప్పు గాలి తింది. ముట్టుకుంటే అట్లు అట్లుగా పెచ్చులూడీది. నూకాలు తమ్ముడు సూరిబాబు, పోర్టులో వెల్డరు, నాకు బావమరిది. ఆడొచ్చి సూసి, "అప్పా, ఇది పోయింది. పాత ఇనప సామాన్లోణ్ణి రమ్మన్నాను" అన్నాడు. నూకాలు తిన్నగా రాట్నం డబ్బాలోకెళ్ళి కూకుంది. కదల్దే! అన్నం వండదు, దిగదు.

నానన్నాను, "సూరిబాబూ, ఈ మార్గశిరం గురువారాలు అమ్మవారి గుడి కాడ జనం వస్తారు కదా, అప్పటికి ఇది తిరుగుద్ది."

"తిరిగితే అప్పది బావా, తిరక్కపోతే సామాన్లోడిది. కానీ నువ్వు సుత్తి పట్టుకుని కొడితే రాట్నం కాదు, రేకు ముక్కలు మిగుల్తాయి."

"సుత్తెవడు పట్టుకుంటాడ్రా? గాలితో తుప్పు లేపుతాను."

"గాలితోనా? ఎవరి గాలి బావా, నీ నోటి గాలా?"

అదిగో, ఆ మాట గుచ్చుకుంది నాకు.

ఓడల కాడ అప్పుడే కొత్తగా ఒక మిషనొచ్చింది. గాలిలో ఇసక కలిపి గొట్టంలోంచి కొడితే తుప్పు లేచిపోయి ఇనుము వెండిలాగ తేల్తాది. దూరం నుంచి ఒక్కసారి సూశాను, అంతే. ఇంటికొచ్చి సేసేశాను. ఎలాగంటావా? పాత లారీ గాలి టాంకు ఒకటి తెచ్చి దాన్లో ఇసక పోశాను. పూర్ణా మార్కెట్టు కాడ పంచర్ షాపోడు నాకు దోస్తు, ఆడి గాలి మిషను తోపుడు బండి మీద లాక్కొచ్చాను. గొట్టం సివర ఇసక దెబ్బకి ఏ ఇనుమూ ఆగదు, అరిగిపోద్ది. అందుకని పాత స్కూటరు స్పార్కు ప్లగ్గు పగలగొట్టి లోపలి తెల్లటి పింగాణీ గొట్టం పెట్టాను. ఆ తెలివి ఎవడిచ్చాడో ఆ భగవంతుడికే తెలీదు. మొహానికి గోనె సంచి, కళ్ళకాడ అద్దం ముక్క, లోపల తడి తువ్వాలు. వీధిలో గుంటలు నన్ను సూసి జడుసుకుని లగెత్తారు.

గొట్టం పట్టి వదిలాను. ఓర్నాయనో! పెరడంతా దుమ్ము. దుమ్ము తగ్గాక సూస్తే డబ్బా తగిలించీ రాట్నం సెయ్యి ఒకటి అద్దంలాగ మెరుస్తంది. నా మొహం కనిపించింది దాన్లో, మంచి అందగాణ్ణి కూడాను. సట్రమంతా కొట్టేసి, రేపు రంగేద్దామని డ్యూటీకెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి ఏటుంది? పసుపు, కుంకం కలిపి పూసినట్టు సట్రమంతా ఎర్రగా తుప్పు! మెరుపు లేదు, ఏటీ లేదు. నాను నెత్తి మీద సేతులెట్టుకుని కూకుండిపోయాను. మీ మామ్మ వచ్చి ఇనుము మీద వేలెట్టి నాలిక్కి తగిలించుకుంది.

"ఏటయ్యా, ఇసక ఎక్కడిది?"

"ఎక్కడిదేటి, ఎదురుగా అంత సముద్రం ఉంటే ఇసక కొనుక్కుంటానా?"

"ఉప్పు కదయ్యా! తుప్పు తియ్యమంటే మా నాన్న రాట్నాన్ని ఊరగాయ పెట్టీసావు."

మరేటి! ఇన్ని ఓడలు సూసినోణ్ణి, బీచి ఇసకతో ఇనుముకి ఉప్పు రుద్దాను. ఆ ముక్క ఇప్పుడు నీకే సెప్తన్నాను. సూరిబాబుకి మాత్రం, అది ట్రయలు, కావాలనే అలాగ సేశానని సెప్పాను.

మళ్ళీ మొదలు. ఈసారి ఉప్పు లేని ఏరు ఇసక. లారీ డ్రైవరు ఒకడు గోస్తనీ నుంచి తెచ్చి మా ఇంటి ముందు పోశాడు. నూకాలు దాన్ని కడిగి, డాబా మీద ఆరబెట్టి, పిండి జల్లెడతో జల్లించింది. ఆ జల్లెడతో మళ్ళీ పిండి జల్లిస్తే నెల రోజులు రొట్టెలు కరకరలాడాయి. ఇంకో సంగతి కనిపెట్టింది ఆవిడ. పొద్దున్న గాలి కొండల వేపు నుంచి వస్తాది, పొడిగా ఉంటాది. ఎండెక్కాక సముద్రం వేపు తిరుగుద్ది. తిరిగే లోపల రంగు పడాలి. లేదా, ఇనుము మళ్ళీ ఎర్రబడిపోద్ది.

ఇక సూస్కో. నాను ముందు కొట్టుకుంటా ఎల్తంటే, ఎనకాలే మీ మామ్మ తుప్పు పట్టకుండా పూసీ ఎర్ర ఆక్సైడు రంగు డబ్బా, కుంచె పట్టుకుని పూసుకుంటా వచ్చీది. సీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, తలకి తువ్వాలు కట్టి. కొట్టిన సోట బేగి పుయ్యాలి. "గాలి తిరుగుతంది, బేగి బేగి" అని నన్ను తిట్టీది. నన్ను మా మేస్త్రీ కూడా అలాగ పరిగెత్తించలేదు. ఇద్దరం మాటాడుకోటానికి లేదు, ఆ సప్పుడులో ఇనపడదు. సెయ్యి ఊపితే సాలు, తెలిసిపోయీది. అలాటి పొద్దులు ఇంక రావు గుంటా. ఎంత అడిగినా రావు.

ఒక సెయ్యి కాడ గొట్టం పెట్టానో లేదో, టప్ మని బొక్క. తుప్పే ఇనుములాగ నిలబడుంది, లోపలేటీ లేదు. నూకాలు కుంచె కిందెట్టీసింది. ఆ టయానికే సూరిబాబొచ్చాడు, ఎగతాళి సెయ్యడానికి. బొక్క సూశాడు, అక్కని సూశాడు. ఎనక్కి తిరిగెళ్ళి వెల్డింగు సామాను, ఒక కొత్త ఇనప యాంగిలు ముక్క తెచ్చాడు. "పక్కకి తప్పుకో బావా, ఇది నోటి గాలితో అతకదు" అన్నాడు. కొత్త ముక్క అతికి, సట్రంలో ప్రతి అతుకూ సుత్తితో కొట్టి సప్పుడు ఇన్నాడు.

గురువారం తెల్లారకముందే గుడి సందు మొదట్లో రాట్నం నిలబెట్టాం. తెల్లారేసరికి జనం, పిల్లలు. నాను డబ్బాలో ఇసక మూటలెట్టి తిప్పుదాం అన్నాను. నూకాలు ఇంటేనా? "మొదటి సుట్టు నాదే" అని ఎక్కి కూకుంది.

ఇప్పుడు నాను కోతలు కొయ్యట్లేదు. అతికిన సెయ్యి తనున్న డబ్బాదే. అబద్ధమేటంటే నవ్వుతా తిప్పానని ఇన్నాళ్ళూ అందరికీ సెప్పాను. నవ్వలేదు. సూరిబాబు ఒక వేపు, నాను ఒక వేపు, నెమ్మదిగా తోశాం. సట్రం ఒకసారి మూలిగింది. డబ్బా లేచింది. మీ మామ్మ పైకెళ్ళింది.

పైన ఆపాం. కిందనుంచి అరిసేను, "ఏటి కనిపిత్తందే?"

పైనుంచి అంది, "నాన్న తిప్పినప్పుడు కనిపించినవే. ఓడలున్నాయి. కొండుంది. అయ్యా, ఇంకో సుట్టు తిప్పరా?"

తిప్పాం. సేతులు పడిపోయీ దాకా తిప్పాం. దిగి, జనంవేపు తిరిగి, "నాను కూకున్నాను, ఇక మీ పిల్లల్ని పంపండి" అంది. ఆ గొంతు సముద్రం అవతలి దేశాలకి ఇనిపించింది. పిల్లలు వరస కట్టారు. వరస సివర ఎక్కడుందో నాకు తెలీదు, సింహాచలం దాకా ఉండొచ్చు.

ఆ రాట్నం ఎన్నాళ్ళో తిరిగింది. తర్వాత కరెంటు రాట్నాలొచ్చేశాయి. ఇప్పుడు పడుకుంటే నాకు ఆ సప్పుడే. గాలి మిషను సప్పుడు, ఎనకాల కుంచె నడక. ఒక్క పొద్దు, ఒక్కటంటే ఒక్కటి, ఎవడైనా ఇస్తే ఈ ఒగర్పు గుండెతోనే మళ్ళీ గోనె సంచి తొడుక్కుని నిలబడతాను. నువ్వు సల్లగుండు తల్లీ. నీ ఎనకాల కూడా అలాగ నడిసీ మనిషి దొరకాలి.

ఏటి, ఓడలు అంత దూరం నిజంగా కనిపించాయా అంటావా? సాచ్చం కావాలా? సూరిబాబు కిందున్నాడు, ఆడికేటి తెలుసు. పైనుంచి సూసింది ఒక్కర్తే. రాసుకో పేరు. నూకాలు.