ఇంకా పద్నాలుగు

ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. కళ్ళజోడు... ఆఁ, నెత్తి మీదే ఉంది. పంపు హౌసు మెట్ల కింద దొరికిందా? పెట్టె నిండా ఉన్నాయా! అయ్యో మార్నీ, వీటిని ఎలుకలు ఏనాడో తినేశాయనుకున్నాను. నీళ్ళ శాఖలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే మూలలన్నీ కెలికేస్తున్నావు! ఈ అక్టోబరు కాగితం అంచున పెన్సిలుతో పద్నాలుగు అని ఎందుకుందంటావా? చెప్తాలే, తొందరేముంది, ఆ పిల్లిని దింపి కూర్చో. ముందు ఇది విను. పంతొమ్మిది వందల యాభై మూడులో టెలివిజన్‌లో ఏమేం గొప్ప సంగతులు వచ్చాయో, ఒక్కటీ వదలకుండా చూసినవాడంటూ ఈ టిల్డన్ ఊళ్ళో ఉంటే అది డెల్‌బర్ట్ ఫ్రాస్ట్ ఒక్కడే. నేనే. అంటే... మా ఇంట్లో టెలివిజన్ లేదనుకో. అన్నీ ఊళ్ళోవాళ్ళ కిటికీల్లోంచి చూసినవే. సగం వాటికి మాట కూడా వినపడలేదు. కానీ చూడ్డం చూశాను! నీళ్ళ శాఖవాడు రెంచి పట్టుకుని ఎవరి పెరట్లో నిలబడ్డా ఎవరూ ఎందుకని అడగరు. ఇరవై రెండేళ్ళ వెధవకి అంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందా చెప్పు.

ఈ రాత నాది కాదు, లూథర్ క్లిప్‌స్టీన్‌ది. మా సూపరింటెండెంటు. పొడుగ్గా, సన్నగా, మెడలో ఎముక ఒకటి పైకీ కిందికీ ఆడుతూ ఉండేది. నవ్వితే పళ్ళు అరిగిపోతాయన్నట్టుండే మనిషి. ఇంట్లో టెలివిజన్ పెట్టనివ్వలేదు, వాళ్ళావిడ హిల్డా పక్కింటికి పోయి చూసేది. ఈ గుండ్రటి కాగితం ఏమిటో నీకు తెలుసుగా, ఇప్పుడు కంప్యూటర్లో చూస్తున్నారే నీళ్ళ ఒత్తిడి, అప్పుడది దీని మీద గీత. రోజుకో కాగితం, ఒక సిరా ములుకు, రోజంతా మెల్లిగా చుట్టూ తిరుగుతుంది. ఒత్తిడి పడితే గీత లోపలికి పడుతుంది. అంతే. జనవరిలో ఒక సోమవారం సాయంత్రం గీత ధబాల్న లోపలికి పడింది. లూథర్ గుండె కూడా దాంతో పాటే పడింది. పెద్ద గొట్టం పగిలిందనుకుని నన్ను మంచులోకి తోలాడు. వీధి వీధీ తిరిగాను. చుక్క కారుతుంటే ఒట్టు. వెనక్కొచ్చేసరికి గీత ఎప్పట్లా ఉంది. "ఏం చూశావు?" అన్నాడు. "ఏమీ లేదండీ, అందరిళ్ళలోనూ టెలివిజన్ వస్తోంది. అదే, ఆ హాస్య నాటకంలో ఆవిడకి కొడుకు పుట్టాడు" అన్నాను. ఆయన గడియారం తీశాడు, కాగితం చూశాడు, మళ్ళీ గడియారం చూశాడు. నాటకం అయిపోయిన నిమిషానికి ఊరు ఊరంతా ఒక్కసారే లేచి... అర్థమైందిగా? అరగంట నుంచీ బిగబట్టుకుని కూర్చున్నారు మరి! ఇదిగో ఇదే ఆ కాగితం. 'బిడ్డ' అని రాశాడు చూడు.

మర్నాడు కొత్త అధ్యక్షుడి ప్రమాణం. దానికి మాత్రం జనం బిగబట్టలేదు, ప్రసంగం మధ్యలోనే ఒక్కొక్కరూ లేచారు. గీత రంపం పళ్ళలా ఉంది చూడు. జూన్‌లో ఇంగ్లండు రాణికి కిరీటం పెట్టింది విమానంలో తెచ్చి చూపించినప్పుడు... ఇదీ... సాయంత్రం దాకా గీత కదల్లేదు, తర్వాత బావిలో పడ్డట్టు పడింది. అలా ఏడాదంతా రాసుకున్నాడు. మన ఊళ్ళో ఎవరు ఏ కార్యక్రమం చూశారో ఆ టెలివిజన్ కంపెనీలకన్నా లూథర్‌కే బాగా తెలుసు, ఒక్కటి కూడా చూడకుండా! కానీ ఆయనకి అది తమాషా కాదు. నిద్ర పట్టేది కాదు. "డెల్, గీత పడ్డ ఆ నిమిషంలో ఎక్కడైనా నిప్పంటుకుంటే? ఫైరువాళ్ళ గొట్టంలోంచి ఏం వస్తుంది? గాలి!" అనేవాడు. కాగితాలన్నీ చంకన పెట్టుకుని కౌన్సిలుకి పోయాడు, రెండో పంపు కావాలని. మేయరు హ్యూబర్ట్ నోల్, బొర్ర ఎగరేసుకుంటూ, "ఏమయ్యా లూథర్, ఊళ్ళోవాళ్ళంతా ఎన్నింటికి పాయిఖానాకి పోతున్నారో ఏడాదంతా లెక్క రాశావా? మా ఆవిడ కూడా ఉందా ఇందులో?" అన్నాడు. బల్లలు గుద్ది నవ్వారు. లూథర్ ఊరుకున్నాడా, పేపర్లో ప్రకటన వేయించాడు. కార్యక్రమం కాగానే సరి సంఖ్య ఇళ్ళవాళ్ళు ముందు వెళ్ళండి, బేసి సంఖ్యవాళ్ళు ఐదు నిమిషాలు ఆగండి అని. అయిపోయింది! ఇక ఆ మనిషి వీధిలోకి రావడం పాపం. "లూథర్ గారూ, మాది నలభై ఒకటి, ఇప్పుడు వెళ్ళొచ్చాండీ?" "లూథర్ గారూ, మా అత్తగారిది సరి, మాది బేసి, ఆవిడొచ్చింది, ఎలాగండీ?" నేనూ నవ్వాను. ఎదురుగా కాదులే.

అక్టోబరు ఐదు, సోమవారం మధ్యాహ్నం. బేస్‌బాల్ ఆఖరి పోటీ, న్యూయార్క్‌కీ బ్రూక్లిన్‌కీ. చీపుర్ల ఫ్యాక్టరీ యజమాని బ్రూక్లిన్ అభిమాని, అందరికీ సెలవిచ్చేశాడు. బడిపిల్లలు తప్ప ఊరంతా టెలివిజన్ల ముందే. ఆట చివరికి వస్తుండగా ఆ ఖాళీ ఫ్యాక్టరీలో నిప్పంటుకుంది. ఎండిన చీపురు గడ్డి, మార్నీ! ఒక గోడ నుంచి ఇంకో గోడకి పాకింది. పక్కనే చర్చివాళ్ళ వృద్ధాశ్రమం, పద్నాలుగు మంది ముసలమ్మలు. లేదు లేదు, కాగితం మీది పద్నాలుగు అది కాదు. అది వేరే. ఫైరువాళ్ళు లోపలికెళ్ళి "అమ్మా లేవండి, పక్కన మంటలు" అంటే, పెద్దావిడ అగాథా పర్డీ చెయ్యెత్తి, "ఆగు నాయనా, ఆఖరి వంతు. మంట ఎక్కడికీ పోదు, ఆట పోతుంది" అంది. చెక్క కట్టడం! అటు గోడ అప్పటికే పొగలు కక్కుతోంది. ఎత్తుకొద్దామంటే, ఫైరువాళ్ళు ఆరుగురు, గొట్టం వదిలితే గోడ అంటుకుంటుంది. ఆ గోడ మీద పడుతున్న నీళ్ళే ఆ పద్నాలుగు ప్రాణాలకీ అడ్డు.

లూథర్‌కి అర్థమైపోయింది. ఆట అయ్యేదాకా నీళ్ళుంటాయి. అయిన నిమిషానికి ఉండవు. మూడు గంటలుగా బిగబట్టుకున్న ఊరు మరి! నా చేతికి పొడుగు తాళంచెవి, అదే, రోడ్డు కింద వాల్వు తిప్పేది, అదిచ్చి, "వాల్‌నట్ వీధి మూలకి పరిగెత్తు. ఉత్తరం వైపు ఇళ్ళకి పోయే పెద్ద గొట్టం మూసెయ్, ఫైరువాళ్ళ నీళ్ళు దక్షిణం గొట్టంవి. ముప్ఫై రెండు చుట్లు. తొందరపడితే గొట్టం పగులుతుంది, నెమ్మదిగా, కానీ ఆపకు. ఆట అయ్యేలోపు ముప్ఫై రెండూ పడాలి" అన్నాడు. ఆయన గీత ముందు కూర్చున్నాడు. ఆటంటే ఏమిటో తెలియని మనిషి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో వెర్నెల్‌కి ఫోన్ చేసి, రిసీవరు నీ రేడియోకి ఆనించు అన్నాడు. ఇదంతా వెర్నెల్ తర్వాత చెప్పింది, నా భార్య అయ్యాక. "ఇప్పుడేమైంది వెర్నెల్?" "న్యూయార్క్ వాళ్ళు గెలిచేస్తున్నారండీ." "ఎంతసేపట్లో?" "అయిపోయినట్టేనండీ... అయ్యో! అయ్యయ్యో! బ్రూక్లిన్ వాడు బంతిని బయటికి కొట్టేశాడండీ! సమం!" "సమం అంటే? ఇంకా ఆడతారా?" "ఆడతారండీ!" "దేవుడా, ఆడనీ, ఆడనీ" అని ఏడుపు గొంతుతో అన్నాడట. ఊళ్ళో ఆ నిమిషాన బ్రూక్లిన్ ఓడకూడదని లూథరంత గట్టిగా ఇంకెవరూ కోరుకుని ఉండరు. మధ్యలో మళ్ళీ, "వెర్నెల్, అందరికీ గంట కొట్టు, పాయిఖానాలో నీళ్ళ గొలుసు లాగొద్దని చెప్పు" అన్నాడు. పాపం అన్ని లైన్లకీ ఒకేసారి పొడుగు గంట కొట్టింది, ప్రమాదానికి కొట్టేది. ఇళ్ళల్లో ఒక్కరూ ఎత్తలేదు. ఎవరెత్తుతారు!

గీత చూస్తున్నాడు. నేను వాల్వు మూస్తుంటే గీత బయటికి జరగాలి. కొంచెం జరిగింది. తర్వాత ఆగిపోయింది. ఎంత చూసినా ఆగిపోయింది. వెర్నెల్ "న్యూయార్క్ వాడొకడు రెండో బేసు దాకా వచ్చేశాడండీ, ఇంకో దెబ్బ పడితే పరుగు, ఆట అయిపోయిందండీ" అంటోంది. అప్పుడు లూథర్ ఫోన్ పెట్టేసి, మళ్ళీ ఎత్తి, కరెంటాఫీసులో ఉన్న బావమరిది ఎమిల్‌ని పిలిచి, "ఉత్తరం లైను తీసెయ్. ఎందుకని అడక్కు, ఇప్పుడే" అన్నాడు. సగం ఊరు ఠక్కున ఆరిపోయింది! ఆఖరి బంతికి ముందు! ఇక చూడు, పాయిఖానా ఎవరికి గుర్తుంటుంది? మగాళ్ళూ ఆడాళ్ళూ తలుపులు బాదుకుంటూ వీధిలోకి వచ్చి పడ్డారు, తిట్లు, శాపనార్థాలు. అగాథా పర్డీ చేతికర్ర ఊపుకుంటూ పదమూడు మందినీ వెంటేసుకుని, "ఎవడ్రా కరెంటు తీసింది!" అని తనంతట తనే బయటికొచ్చింది. ఆవిడ ఆఖరి మెట్టు దిగిన కాసేపటికి ఆ గోడ లోపలికి కూలింది. గొట్టంలో నీళ్ళు మాత్రం ఆగలేదు. వీధిలో ఇంకే ఇల్లూ పోలేదు.

మెచ్చుకున్నారా? హు! జీవితంలో ఒక్కసారి వచ్చే ఆట, ఆఖరి దెబ్బ చూడనివ్వలేదని లూథర్‌ని పీక్కుతిన్నారు. అగాథా అయితే చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. కౌన్సిలులో నోల్ అడిగాడు, "వాల్వు మూయిస్తే సరిపోయేదానికి కరెంటెందుకు తీయించావయ్యా?" నేను వెనక బల్ల మీదున్నాను. లూథర్ ఒక్కసారి నా వైపు చూసి, "వాల్వు బిగుసుకుపోయింది. దానికి ఏడాదిగా నూనె వేయించలేదు. తప్పు నాది" అన్నాడు. ఉద్యోగం పోయింది. ఇండియానాలో తమ్ముడి కోళ్ళఫారానికి వెళ్ళిపోయాడు, నాలుగేళ్ళకి అక్కడే పోయాడు. ఆయన కుర్చీలో నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను. రెండో పంపు నా హయాంలోనే వచ్చింది, నా పేరు రాతి మీద చెక్కారు, చూసే ఉంటావు.

ఎంత ఆట అనుకున్నావు అది! ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వాడలా బ్యాటెత్తాడు, బంతి విసిరినవాడి పక్కనుంచే నేల మీద దూసుకుపోయింది, రెండో బేసు మీదివాడు టోపీ ఎగిరిపోతున్నా పరుగో పరుగు... ఏంటి? ఏమన్నావు?

...అవును. సగం ఊరే ఆరిపోయింది. వాల్‌నట్ వీధి మూల ఇల్లు దక్షిణం లైను. అవును, వాల్వు దాని ముందే.

నువ్వు మరీ తెలివైనదానివమ్మాయ్. ఇదే మొదటిసారి చెప్తున్నా, వెర్నెల్‌కి కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం లూథర్ ఒక్కడే ఆ మూలకి వెళ్ళడం దూరం నుంచి చూశాను. తాళంచెవి పెట్టి, ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో తిప్పి లెక్కపెట్టుకున్నాడు. వచ్చి ఈ కాగితం మీద రాసుకున్నాడు. వాల్వుకి ఏమీ కాలేదు. వెన్నలా తిరిగేది. పద్దెనిమిది చుట్లు తిప్పి తలెత్తాను, కిటికీ తెర తీసి ఉంది. తాళంచెవి వదిలేసి, నోరు తెరుచుకుని, ఆట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.