మోగని బజరు

కొండ వారగా కొత్త రోడ్డు పడుతున్న చోట, పని మధ్యలో ఆగిపోయిన ఎక్స్‌కవేటర్ దగ్గరికి కంపెనీ పంపిన మెకానిక్ వచ్చి అప్పటికి గంట దాటింది. ఆ బండి నడిపే ఆపరేటర్ ఆమెకు సొంత మేనమామ. అందువల్ల పని సగం, మాటలు సగంగా సాగుతోంది.

"మళ్ళీ మొదటినుంచీ చెప్పు మావయ్యా. ఈసారి కథలు కాకుండా జరిగింది చెప్పు."

"కథలేమున్నాయే? బకెట్ నిండా మట్టెత్తాను. ఇటు తిప్పాను. ఇంజను గుటుక్కుమంది."

"పొగొచ్చిందా?"

"రాలేదు."

"ఆగేముందు చప్పుడు మారిందా? పెరుగుతూ తగ్గుతూ ఊగిందా?"

"ఏమో... సీటు ఊగింది."

"సీటు సంగతి కాదు, చప్పుడు!"

"చప్పుడు మామూలే. నువ్వు ఆ మీటరు పక్కన పెట్టి సెన్సరు మార్చెయ్యరాదూ? పొద్దుపోతోంది."

"నాకు ముందొచ్చిన మెకానిక్ రెండు సెన్సర్లు మార్చాడుగా. మారిస్తే బాగయ్యేదైతే నేనెందుకు, పార్సిల్ చాలు."

"అది కాదే కోడలుపిల్లా, ఆ సూపర్‌వైజరు నా పీకమీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా బండి తోలుతున్నవాణ్ణి, నీ తోలకమే బాగోలేదన్నాడు."

"అన్నాడా?"

"అందరి ముందూ అన్నాడు."

"అయితే ఇవాళ దీని అంతు చూడాల్సిందే. విను. ఈ సెన్సరు ఇంజను వెనక తిరిగే పళ్ళచక్రం పక్కన కూచుని దాని పళ్ళు లెక్కపెడుతుంది. ఆ లెక్క అందలేదనుకో, ఇంజను ఎంత వేగంలో ఉందో కంప్యూటర్‌కి తెలీదు, డీజిల్ కట్టేస్తుంది. విప్పి చూశా. మొనకి ఇనప్పొడి అంటుకుంటే తుడిచా. చక్రానికీ దానికీ మధ్య సందు సరిచేశా. మీటరు పెట్టి చూస్తే సెన్సరు నిక్షేపంలా ఉంది."

"ఇంకేం, బాగైనట్టేగా!"

"నువ్వు చెప్పిన మాటొకటి పొసగట్లేదు."

"నేనేం చెప్పాను?"

"బజరు మోగలేదన్నావు."

"మోగలేదు."

"సెన్సరు లెక్క తప్పితే ముందు ప్యానెల్లో బజరు కుయ్యిమనాలి. ఇంజను ఆగేది ఆ తర్వాతే. ఈ వారంలో ఇంజను ఆగిన మూడుసార్లూ మోగలేదా?"

"ఒక్కసారీ మోగలేదన్నానుగా. ఎన్నిసార్లు అడుగుతావే, పోలీసులా?"

"నీ మాట నమ్మి ప్యానెల్‌కి కరెంటే రావట్లేదేమో అనుకున్నా. ఫ్యూజులన్నీ పీకా, బ్యాటరీ తీగలు విప్పా. గంట పోయింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి."

"మంచిదేగా, దుమ్ము దులిపినట్టయింది."

"మావయ్యా!"

"సరే సరే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"ఎక్కి ఇంజను స్టార్ట్ చెయ్యి. నేను వెనక సెన్సరు తీగ పట్టుకుని కదుపుతూ పోతా. వేగం చూపించే ముల్లు సున్నాకి పడితే కేకెయ్యి."

"ఓస్, అంతేనా!"

"కదుపుతున్నా! ముల్లు పడిందా?"

"ఇల్లా? ఇంటికెందుకే ఇప్పుడు?"

"ముల్లు! ముల్లు!"

"ఆఁ, ఇంటి దగ్గర మీ అత్త బాగానే ఉంది! నిన్ను రమ్మంది!"

"నా ఖర్మ! ఇటు తిరుగు! ఇదిగో, నా మొహం చూడు! ము-ల్లు! పడిందా?"

"ముల్లా! అలా నిదానంగా చెప్పు మరి. ఆఁ... పడింది! లేచింది. మళ్ళీ పడింది! ఇంజనూ ఆగిపోయింది. ఏం పట్టుకున్నావే?"

"దొరికింది దొంగ! బ్రాకెట్ కింద తీగ ఒరుసుకుపోయి పైతోలు ఊడింది. బరువెత్తి బండి అదిరినప్పుడల్లా లోపలి రాగి ఇనుముకి తగులుతోంది. సెన్సర్లు పది మార్చినా ఇదే తంతు."

"శభాష్! నా మేనకోడలంటే మాటలా! ఆ తీగ ముక్క కోసి ఇటివ్వు, సూపర్‌వైజరు మొహాన కొడతాను."

"కొడుదువుగాని, ఆగు. తాళం తియ్యకు, పైకొస్తున్నా. బజరు మోగుతోందా?"

"లేదని చెప్పానా! చూడు, ముల్లు సున్నా మీదుంది, బజరు ఊసే లేదు. దాన్ని కూడా మార్చి పారెయ్."

"మావయ్యా."

"ఏంటే, అలా చూస్తున్నావు?"

"అది మోగుతోంది."

"ఏది?"

"బజరు. నేను నిచ్చెన కింద ఉన్నప్పుడే వినపడింది. నీ మోకాలి పక్కనే, చెవులు చిల్లులు పడేలా మోగుతోంది."

"ఇంజను హోరులో..."

"ఇంజను ఆగిపోయింది మావయ్యా."

"ఆఁ. అవునవును."

"ఎప్పణ్ణించి?"

"ఏది ఎప్పణ్ణించి? ఎండగా ఉంది, దిగుదాం పద."

"ఎప్పణ్ణించి వినపడట్లేదు?"

"వినపడకేం, నీతో మాట్లాడట్లేదూ? సన్నటి చప్పుళ్ళే కొంచెం... బజర్లూ, ఈలలూ..."

"ఈలలా? నిన్న రోడ్డు మీద బండ్లని ఆపడానికి నిలబడే ఆవిడ జెండా నీ బకెట్ పళ్ళకి చిక్కుకుందని కింద చెప్పుకుంటున్నారు."

"గాలికి ఎగిరింది."

"ఆవిడ ఈల వేసిందా?"

"గాలి బాగా వీచింది నిన్న."

"మావయ్యా, ఆవిడ ఈల వేసిందా?"

"వేసిందట. మూడుసార్లు వేసిందట. బకెట్ తిప్పేదాకా నేను చూడలేదు. జెండా వదిలేసి నేలకి కరుచుకుంది కాబట్టి బతికింది. పైగా ఆవిడే వచ్చి, ఏం కాలేదులే అన్నయ్యా అని నాకు మంచినీళ్ళిచ్చింది. నిన్నట్నుంచీ ముద్ద దిగట్లేదే."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే? చెవిటివాడి చేతికి బండిస్తారా? నాకొచ్చిన పని ఇదొక్కటే. నువ్వు రిపోర్టులో తీగ సంగతి రాయి. అది అబద్ధం కాదుగా. బజరు మాట వదిలెయ్. నీకు పానా పట్టుకోవడం నేర్పినవాణ్ణి, ఈ ఒక్కటీ..."

"నేర్పావు. తప్పు దొరికాక వదిలెయ్యమని మాత్రం ఎప్పుడూ నేర్పలేదు."

"నోరు మాత్రం అచ్చం మీ అమ్మదే."

"చెవికి మిషను పెట్టుకుంటే మళ్ళీ తోలొచ్చేమో. ముందు పరీక్ష చేయించుకో. డాక్టరు సరేనంటే..."

"కాదంటే?"

"కాదంటే నాతో వచ్చెయ్. ఒరుసుకుపోయిన తీగ వెతకడానికి కళ్ళు చాలు. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ."

"నీ కింద పనా! లాగూ వేసుకోవడం రానప్పట్నుంచీ చూస్తున్నా నిన్ను."

"రిపోర్టు ఇంకా ఖాళీగానే ఉంది. నేను రాయనా, నువ్వు చెబుతావా?"

"నువ్వు రాస్తే నన్ను పట్టించినట్టుంటుంది. నేనే చెబుతాలే. సూపర్‌వైజరుకి కలిపి ఫోనిటివ్వు."

"ఇదిగో, మోగుతోంది. ఎత్తాడు, మాట్లాడు."

"హలో సార్, నేనే, ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ని. బండి బాగైంది సార్, తీగ ఒరుసుకుపోయిందంతే. నా తోలకం తప్పేం లేదు. కానీ సార్, ఇవాళ నేను ఎక్కను... ఏంటి సార్? ఆఁ? ఇంకోసారి చెప్పండి... అవును సార్, వినపడట్లేదు. అది చెప్పడానికే ఫోన్ చేశాను."